గడప దగ్గరే ఆగిన శాంతి

బీరూట్ నగరంలో ఐన్ అల్ రమ్మానే, షియ్యా అని రెండు పేటలు పక్కపక్కనే ఉంటాయి. మొదటి పేటలో క్రైస్తవులు, రెండో పేటలో ఎక్కువగా షియా ముస్లింలు. మధ్యలో పాత సైదా రోడ్డు. 1975 ఏప్రిల్ 13న ఐన్ అల్ రమ్మానేలో పాలస్తీనీయులు వెళ్తున్న బస్సు మీద తూటాలు కురిశాయి. పదిహేనేళ్ల అంతర్యుద్ధానికి అది మొదటి రోజు. ఆ పదిహేనేళ్లూ ఆ రోడ్డే ఇరుపక్షాల మధ్య సరిహద్దు. 2019 నవంబరు 26 రాత్రి ఆ రెండు పేటల కుర్రాళ్లు మళ్లీ రోడ్డుకు అటూ ఇటూ చేరి రాళ్లు రువ్వుకున్నారు. పెద్దవాళ్ల గుండెల్లో పాత భయం కదిలింది. మర్నాడు రెండు పేటల అమ్మలూ తెల్లపూలు చేతబట్టుకుని, ఆ సరిహద్దు మీదికే నడిచి వచ్చి, ఒకరినొకరు కావలించుకున్నారు.

ఆ నడక చూసి తల్లి మనసు అంటే ఇదీ అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ ఆ తల్లుల్లో ఎవరైనా విదేశీయుణ్ని పెళ్లి చేసుకుని ఉంటే, కన్నబిడ్డకు తన దేశ పౌరసత్వం ఇవ్వలేదు. ఎవరైనా భర్త నుంచి విడిపోతే, బిడ్డ ఎన్నేళ్లు తన ఒడిలో ఉండాలో మతపెద్దల కోర్టు చెబుతుంది. వాళ్లలో ఎవరి కూతురైనా మరో అమ్మాయిని ప్రేమిస్తే, ఆ ప్రేమకు చట్టంలో ఉన్న చోటు జైలు ఒక్కటే. వీధిలో కాల్పులు ఆపడానికి ముందుకొచ్చిన మనిషికి సొంత ఇంట్లో హక్కు లేదు.

యుద్ధానంతర లెబనాన్‌లో స్త్రీవాద, క్వీర్ ఉద్యమాలు ఏం సాధించాయి, ఎక్కడ ఆగాయి, ఎందుకు ఆగాయి అన్నది ఈ సమీక్ష విషయం. నాకు అర్థమైనంతలో చెప్పదలచుకున్నది ఒకటే. మతశాఖల అధికారానికి పార్లమెంటు సీట్లు పైకి కనిపించే కొమ్మలు. దాని వేరు ఇంట్లో ఉంది: ఎవరు ఎవరిని పెళ్లాడాలి, పుట్టిన బిడ్డ ఎవరి లెక్కలోకి వెళ్లాలి అనే చోట ఉంది. ఆ వేరు జోలికి వెళ్లేది ఈ రెండు ఉద్యమాలే. అందుకే వాటి మీద అంత కోపం.

పద్దెనిమిది శాఖలు, ఒక్కో కోర్టు

లెబనాన్ రాజ్యం గుర్తించిన మతశాఖలు 18. మారోనైట్, గ్రీక్ ఆర్థడాక్స్, గ్రీక్ కాథలిక్, సున్నీ, షియా, ద్రూజ్ మొదలైనవి. వీటి మధ్య నడుస్తున్న కుటుంబ చట్టాలు 15. పెళ్లి, విడాకులు, భరణం, బిడ్డల సంరక్షణ, అన్నీ ఆయా శాఖ చేతిలోనే. దేశమంతటికీ వర్తించే కుటుంబ చట్టం ఒక్కటీ లేదు. మన దేశంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ వ్యక్తిగత చట్టాలు వేరువేరుగా ఉన్నా, వాటన్నిటినీ వద్దనుకున్న జంటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టి రావచ్చు. లెబనాన్‌లో ఆ తలుపే లేదు.

ఈ ఏర్పాటు యుద్ధం నాటిది కాదు. 1926 రాజ్యాంగం తొమ్మిదో అధికరణంలో కుటుంబ విషయాలను మతశాఖలకు అప్పగించింది. 1936లో ఫ్రెంచి పాలకులు 60వ నంబరు ఉత్తర్వుతో దాన్ని స్థిరపరిచారు. యుద్ధం ముగించిన 1989 నాటి తాయిఫ్ ఒప్పందం పార్లమెంటు సీట్లను క్రైస్తవులకు, ముస్లింలకు సగం సగం చేసింది. ఇప్పుడున్న 128 సీట్లూ అలాగే పంచుకున్నవి. రాజకీయాల్లో మతశాఖల పద్ధతిని క్రమంగా రద్దు చేస్తామని కూడా ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఆ పని మొదలే కాలేదు. 1991లో క్షమాభిక్ష చట్టం తెచ్చి యుద్ధనేరాలను మాఫీ చేశారు. తుపాకులు పట్టిన నాయకులు చాలామంది మంత్రులయ్యారు. లక్షన్నర మంది చనిపోయారని అంచనా వేసే యుద్ధం అలా ముగిసింది.

ఈ ఏర్పాటు ఒక ఆడమనిషి జీవితంలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఒక కాగితం చాలు. దాన్ని ఇఖ్రాజ్ ఖైద్ అంటారు. కుటుంబ రిజిస్టరు నకలు అన్నమాట. ప్రతి మనిషి పేరూ తండ్రి పద్దు కింద, తండ్రి మతశాఖతో పాటు నమోదై ఉంటుంది. పెళ్లయిన అమ్మాయిని తండ్రి పద్దులోంచి తీసి భర్త పద్దులో రాస్తారు. విడాకులు అయితే తిరిగి తండ్రి పద్దులోకి పంపుతారు. పిల్లలు మాత్రం తండ్రి పద్దులోనే ఉండిపోతారు. ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్ల, అంటే అక్కడి పిల్ల అని మన ఇళ్లలో ముసలమ్మలు అనే మాటకు అక్కడ ప్రభుత్వ ముద్ర ఉంది. ఆమెకంటూ సొంత పద్దు లేదు.

జనం ఈ కట్టడిలోంచి దారులు వెతుక్కుంటూనే ఉన్నారు. కూతుళ్లు మాత్రమే ఉన్న సున్నీ తండ్రులు కొందరు ఆస్తి అన్నదమ్ముల పాలు కాకూడదని కాగితం మీద షియాలుగా మారతారు. విడాకులు దొరకని మారోనైట్ దంపతులు మరో శాఖలోకి మారతారు. మతాంతర ప్రేమికులు విమానమెక్కి పక్కనున్న సైప్రస్ వెళ్లి రిజిస్టరు పెళ్లి చేసుకుని వస్తారు. విదేశంలో జరిగిన పౌర వివాహాన్ని లెబనాన్ గుర్తిస్తుంది. తన గడ్డ మీద జరిగితే గుర్తించనంటుంది.

తప్పిపోయినవాళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు

ఈ కథ యుద్ధం ముగిశాక మొదలైందనుకుంటే పొరపాటు. లోర్ మొఘైజెల్ వంటి న్యాయవాదులు అంతకు చాలా ముందే ఒక్కొక్క చట్టాన్నీ పట్టుకుని పోరాడుతూ వచ్చారు. ఓటు హక్కు 1952లో వచ్చింది. ముస్లిమేతర స్త్రీలకు ఆస్తిలో సమాన వాటా 1959లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా ప్రయాణం చేసే హక్కు 1974లో వచ్చింది. యుద్ధం మధ్యలో 1983లో గర్భనిరోధక సాధనాలు నేరాల జాబితాలోంచి బయటపడ్డాయి.

యుద్ధకాలంలో అన్నిటికంటే బలమైన గొంతు మాత్రం వదాద్ హల్వానీది. 1982 సెప్టెంబరులో ఆమె భర్తను ఇంట్లోంచి తీసుకెళ్లారు. ఆయన తిరిగి రాలేదు. తనలా ఎవరైనా ఉంటే రమ్మని ఆమె రేడియోలో ప్రకటన ఇచ్చింది. కొద్దిమంది వస్తారనుకుంటే వందలమంది ఆడవాళ్లు వచ్చారు. అన్ని మతాలవాళ్లూ వచ్చారు. అపహరణకు గురైనవారి కుటుంబాల కమిటీ అలా పుట్టింది. తప్పిపోయినవారి సంఖ్యను పదిహేడు వేలుగా చెబుతారు. వారి జాడ తెలుసుకునే హక్కును ఇచ్చే 105వ చట్టం 2018 నవంబరులో వచ్చింది. కమిటీ పుట్టిన 36 ఏళ్లకు! ఆ ముప్పయ్యారేళ్లూ వాళ్లు ఫొటోలు పట్టుకుని రోడ్డు మీద నిలబడుతూనే ఉన్నారు. 1984లో ఇమాన్ ఖలీఫే అనే యువతి యుద్ధం విడగొట్టిన రెండు బీరూట్‌లనూ కలుపుతూ శాంతియాత్రకు పిలుపునిచ్చింది. గుండ్ల వర్షం వల్ల యాత్ర సాగలేదు. పిలుపు మాత్రం నిలిచిపోయింది.

యుద్ధకాలంలో మతగీతలు దాటిన తొలి ఉద్యమాల్లో వీళ్లదొకటి. ఏ నాయకుడూ వాళ్లను వీధిలోకి తీసుకురాలేదు, దుఃఖం తీసుకొచ్చింది. తర్వాత వచ్చిన స్త్రీవాదులు, క్వీర్ యువత వీళ్ల దగ్గర నేర్చుకున్నది ఒకటుంది: నీ శాఖ పేరు చెప్పకుండా కూడా వీధిలో నిలబడవచ్చు.

ఒక్కో సెక్షన్, ఒక్కో పోరు

యుద్ధం ముగిశాక మొదటి పెద్ద పరీక్ష 1998లో ఎదురైంది. అధ్యక్షుడు ఎలియాస్ హ్రావీ ఐచ్ఛిక పౌర వివాహ బిల్లును మంత్రివర్గం ముందుకు తెచ్చారు. మెజారిటీ మంత్రులు ఆమోదించారు. ముస్లిం, క్రైస్తవ మతపెద్దలు కలిసి అడ్డం తిరిగారు. ప్రధాని రఫీక్ హరీరీ సంతకం చేయలేదు, బిల్లు పార్లమెంటు గుమ్మం తొక్కలేదు. ఏ మతాన్నీ వదులుకోమనని బిల్లు అది. ఇష్టమైనవాళ్లకు మరో దారి ఉంచుతామంది, అంతే. దానికే అంత కంగారు పడ్డారు.

పదిహేనేళ్ల తర్వాత ఖులూద్ సుకరియ్యే, నిదాల్ దర్వీష్ అనే జంట ఆ 1936 నాటి ఉత్తర్వునే ఆయుధం చేసుకున్నారు. ఏ శాఖకూ చెందనివారు పౌర చట్టం కిందికి వస్తారన్న వాక్యం అందులో ఉంది. అధికార రికార్డుల్లోంచి శాఖ పేరు తీయించుకోవచ్చని 2009లో హోం మంత్రి జియాద్ బారూద్ సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు. ఈ రెండింటినీ కలిపి, ముందు శాఖ తీయించుకుని, తర్వాత లెబనాన్ గడ్డ మీదనే పౌర వివాహం చేసుకున్నారు. దీన్ని సమర్థించే ముస్లిం నాయకులు మతభ్రష్టులంటూ దేశ ముఫ్తీ 2013 జనవరిలో ఫత్వా ఇచ్చారు. అయినా ఆ ఏప్రిల్‌లో పెళ్లి రిజిస్టరైంది. తర్వాతి కాలంలో ప్రభుత్వం ఆ కిటికీని కూడా మూసేసింది. అలా పెళ్లాడిన మరికొన్ని జంటల కాగితాలు దస్త్రాల్లో పడి ఉండిపోయాయి.

గృహహింస చట్టం కథ ఇంకా నేర్పుతుంది. 2005లో మొదలైన కఫా సంస్థ ముసాయిదా తయారు చేసింది. కఫా అంటే ఇక చాలు అని. 2011లో సున్నీల అత్యున్నత పీఠం దార్ అల్ ఫత్వా, షియా ఉన్నత మండలి రెండూ అది తమ కుటుంబ వ్యవస్థను కూలుస్తుందన్నాయి. భర్తల చేతుల్లో ఆడవాళ్లు చనిపోతూనే ఉన్నారు. 2014 మార్చి 8న వేలమంది బీరూట్ వీధుల్లోకి వచ్చారు. ఏప్రిల్ 1న 293వ చట్టం వచ్చింది. రక్షణ ఉత్తర్వులు దొరికాయి. కానీ బిల్లు మొదట స్త్రీల కోసం రాసినది, చివరికి ‘స్త్రీలు, ఇతర కుటుంబ సభ్యుల’ కోసం అయింది. భార్యపై అత్యాచారం నేరం కాకుండానే మిగిలింది. దాని బదులు ‘వివాహ హక్కు’ పొందడానికి చేసే కొట్టడం, బెదిరించడం మాత్రమే శిక్షార్హమయ్యాయి. అంటే బలవంతం నేరం కాదు, దెబ్బ నేరం. ఈ విషయంలో మనం వేలెత్తి చూపడానికి లేదు. మన భారతీయ న్యాయ సంహితలో కూడా భర్తకు ఆ మినహాయింపు అలాగే ఉంది.

522వ సెక్షన్ మీద గెలుపు మాత్రం కళ్లకు కట్టే గెలుపు. అత్యాచారం చేసినవాడు బాధితురాలిని పెళ్లాడితే కేసు పోతుందని ఆ సెక్షన్ చెప్పేది. అబాద్ సంస్థ దాని మీద ప్రచారం ఎత్తుకుంది. 2017 ఏప్రిల్‌లో బీరూట్ సముద్రతీరాన ఖర్జూర చెట్ల మధ్య 31 పెళ్లి గౌన్లు ఉరితాళ్లకు వేలాడాయి. కళాకారిణి మిరేయ్ హొనైన్ వాటిని తెల్ల కాగితంతో, లేసుతో చేశారు. నెలలో 31 రోజులు, రోజుకొక గౌను. ఏ రోజైనా ఒక అమ్మాయికి ఇది జరగవచ్చునని అర్థం. పొద్దున్నే వాహ్యాళికి వచ్చేవాళ్లు నడిచే దారి అది. సముద్రగాలికి ఊగే ఆ ఖాళీ గౌన్ల కిందుగా నడవక తప్పేది కాదు. ఆ ఆగస్టు 16న పార్లమెంటు సెక్షన్‌ను రద్దు చేసింది. అదే వేసవిలో ట్యునీసియా, జోర్డాన్ తమ తమ సెక్షన్లను తీసేశాయి. అయితే 15 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల విషయంలో పెళ్లితో తప్పించుకునే దారి వేరే సెక్షన్లలో కొంత మిగిలే ఉంది. లైంగిక వేధింపుల చట్టం 2020 డిసెంబరులో వచ్చింది.

ఈ వరుస చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. శిక్షాస్మృతి రాజ్యం చేతిలోది, దాన్ని మార్చగలిగారు. కుటుంబ చట్టం మతశాఖల చేతిలోది, అక్కడ గోడ కదలలేదు. పౌరసత్వమూ అంతే. 1925 నాటి చట్టం లెబనాన్ తండ్రికి పుట్టినవాడినే లెబనాన్ పౌరుడంటుంది. దాన్ని మార్చమంటే నాయకులు లెక్కలు తీస్తారు: పాలస్తీనా, సిరియా శరణార్థులను పెళ్లాడిన స్త్రీల పిల్లలకు పౌరసత్వమిస్తే శాఖల తూకం చెడిపోతుందని. ఆ దేశంలో చివరి అధికారిక జనగణన జరిగింది 1932లో! ఎవరి బలం ఎంతో తెలుసుకోవడానికి భయపడే దేశంలో, ఆడమనిషి గర్భం జనాభా లెక్క అయిపోయింది.

సంరక్షణ వయసు మీద ఉద్యమంలోనే పెద్ద చర్చ ఉంది. షియా కోర్టుల్లో తల్లి దగ్గర కొడుకు రెండేళ్ల దాకా, కూతురు ఏడేళ్ల దాకా ఉంటారు. సున్నీ స్త్రీలు తమ శాఖలోనే పోరాడి 2011లో ఆ వయసును ఇద్దరికీ పన్నెండుకు పెంచుకున్నారు. ఇది గెలుపా? ఆ తల్లులను అడిగితే గెలుపే. కానీ శాఖ కోర్టు ఇంకాస్త మంచిదైతే, దాని అధికారం ఇంకాస్త గట్టిపడుతుందని కొందరి వాదన. రెండూ నిజమే. 2016లో ఒక షియా తల్లి మూడేళ్ల కొడుకును అప్పగించనందుకు జైలుకెళ్లింది. 2020 ఆరంభంలో, చనిపోయిన కూతురి సమాధి దగ్గరికి మాజీ భర్త కుటుంబం రానివ్వక, కంచె ఇవతల నిలబడి ఏడుస్తున్న ఒక తల్లి వీడియో దేశమంతా తిరిగింది. ఆ కంచె ముందు నిలబడి సిద్ధాంతం చెప్పడం నాకు చేతకాదు. ఇవాళ దొరికే ఊరటను తీసుకోవాలి, రేపటి ఉమ్మడి చట్టాన్ని అడుగుతూనే ఉండాలి.

హెలెమ్ అంటే కల

లెబనాన్ శిక్షాస్మృతి 534వ సెక్షన్ ‘ప్రకృతి క్రమానికి విరుద్ధమైన’ లైంగిక సంబంధానికి ఏడాది దాకా జైలు వేస్తుంది. ఫ్రెంచి పాలన వదిలివెళ్లిన వారసత్వం అది. మన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ బ్రిటిష్ వాళ్ల 1860 నాటిది. మాటలు కూడా దాదాపు అవే. మన సుప్రీంకోర్టు 2018లో దాన్ని తగ్గించి రాసింది. లెబనాన్‌లో 534 ఇంకా పుస్తకంలోనే ఉంది.

1990ల చివర్లో ఇళ్లలో, చాటుగా కలుసుకునే చిన్న బృందాల్లోంచి 2004లో హెలెమ్ పుట్టింది. అరబిక్‌లో ఆ పేరుకు కల అని అర్థం. అరబ్ దేశాల్లో బాహాటంగా పనిచేసిన తొలి ఎల్జీబీటీ సంస్థ అది. రిజిస్ట్రేషన్ కోసం కాగితాలిస్తే హోం శాఖ రసీదు ఇవ్వలేదు. సనాయే ప్రాంతంలో జీకో హౌస్ అనే పాత ఇంట్లో వాళ్ల కార్యాలయం.

2006 జూలైలో ఇజ్రాయెల్ బాంబులు దక్షిణ లెబనాన్ మీద పడ్డాయి. ఊళ్లు విడిచివచ్చిన కుటుంబాలతో సనాయే పార్కు నిండిపోయింది. ఎక్కువమంది షియాలు. సమిదూన్ అనే సహాయ కూటమి జీకో హౌస్ నుంచే పనిచేసింది, అందులో హెలెమ్ కూడా ఉంది. పరుపులు, పాలపొడి, మందులు మోసింది చట్టం నేరస్థులనే ఆ అబ్బాయిలూ అమ్మాయిలే. మనుషులు మనుషులకు ఎలా అలవాటవుతారో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం నాకు కనిపించదు. కరపత్రంతో రాని చనువు అన్నం పొట్లంతో వస్తుంది.

హెలెమ్‌లో మగవాళ్ల మాటే ఎక్కువగా చెల్లుతోందని 2007లో కొందరు స్త్రీలు మీమ్ అనే బృందం పెట్టుకున్నారు. వాళ్లు సభ్యుల పేర్లు బయటపెట్టలేదు. 2009లో తమ జీవితాల నుంచి 41 కథలు ‘బరీద్ ముస్తాజిల్’, అంటే అర్జెంటు ఉత్తరం, అనే పుస్తకంగా తెచ్చారు. బయటపడటమే స్వేచ్ఛ అన్న పడమటి సూత్రాన్ని వాళ్లు గుడ్డిగా తీసుకోలేదు. ఉమ్మడి కుటుంబంలో, ఒకే వీధిలో మేనమామలూ పెదనాన్నలూ ఉండే చోట, చెప్పడం కంటే చెప్పకుండా బతకగలగడం కొందరికి ఎక్కువ స్వేచ్ఛ. దాదాపు అదే కాలంలో వచ్చిన నసవియ్యా అనే స్త్రీవాద బృందం వేధింపులకు బ్యాగుతో బదులు చెప్పే సల్వా అనే బొమ్మ పాత్రను సృష్టించింది. ఇళ్లలో పనిచేసే వలస స్త్రీల హక్కులను, క్వీర్ హక్కులను ఒకే జెండా కింద పెట్టింది. ఈ రెండు బృందాలూ ఎక్కువ కాలం నిలవలేదు. కానీ అక్కడ పెరిగినవాళ్లే తర్వాతి సంస్థల్లో కనిపిస్తారు.

పార్లమెంటు మూసిన దారిని వీళ్లు పక్కనుంచి తెరిచారు. ఒకటి వైద్యం. 2012లో బూర్జ్ హమ్మూద్‌లోని ఒక సినిమాహాల్లో 36 మందిని పట్టుకుని బలవంతపు శరీర పరీక్షలు చేశారు. సిగ్గుమాలిన పరీక్షలంటూ జనం మండిపడ్డారు. వైద్యుల మండలి ఆ పరీక్ష చేయవద్దని డాక్టర్లను ఆదేశించింది. మరుసటి ఏడాది మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రకటించింది. రెండోది న్యాయస్థానం. లీగల్ ఎజెండా సంస్థ న్యాయవాదులు 534 మాటలనే పట్టుకుని వాదించారు: ఏది ప్రకృతి? ఎవరు నిర్ణయించారు? 2009 నుంచి 2017 దాకా వేర్వేరు కేసుల్లో నలుగురు జడ్జిలు ఆ సెక్షన్ వర్తించదని తీర్పిచ్చారు. 2018 జూలైలో ఒక అప్పీలు కోర్టు కూడా ఆ మాటే అంది. ఒక ట్రాన్స్ పురుషుడికి రిజిస్టరులో తన వివరాలు మార్చుకునే హక్కునూ అప్పీలు కోర్టు ఇచ్చింది. చట్టం చావలేదు గానీ కోరలు కొన్ని ఊడాయి.

పెద్దలందరూ ఏకమైన వేళ

2019 అక్టోబరు 17న వాట్సాప్ కాల్స్ మీద పన్ను వార్తతో దేశం రోడ్డెక్కింది. ‘అందరూ అంటే అందరూ’ దిగిపోవాలన్నది నినాదం. తన శాఖ నాయకుణ్ని మినహాయించకుండా అడగడం కొత్త. తొలిరోజు ఒక మంత్రి వెంట తుపాకీ పట్టుకుని ఉన్న అంగరక్షకుణ్ని ఒక యువతి కాలితో తన్నిన చిత్రం ఉద్యమానికి గుర్తయింది. స్త్రీల ఊరేగింపుల్లో పౌరసత్వం, సంరక్షణ, ఉమ్మడి కుటుంబ చట్టం అన్న డిమాండ్లు వినిపించాయి. క్వీర్ యువత దాక్కోకుండా ఆ గుంపులో నిలబడింది. తెల్లపూల తల్లులు నడిచింది కూడా ఆ రోజుల్లోనే.

ఆ వెలుగు ఎక్కువకాలం నిలవలేదు. బ్యాంకులు మూతపడ్డాయి. లెబనాన్ పౌండు విలువ తొంభై శాతానికి పైగా పోయింది. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవు పేలుడు రెండు వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. రేవుకు ఎదురుగా ఉన్న మార్ మిఖాయేల్, జిమ్మేజే పేటలు ధ్వంసమయ్యాయి. క్వీర్ యువత కాస్త ఊపిరి తీసుకోగలిగిన కేఫ్‌లు, అద్దె గదులు ఉన్నవి అక్కడే. ఇంట్లోంచి గెంటేసినవాళ్లకు ఆ గది పోతే ఇక తిరిగి వెళ్లే చోటు లేదు.

నాయకులకు ఆ సమయంలో జనం కోపాన్ని క్వీర్ మనుషుల మీదికి తిప్పే దారి దొరికింది. నిజానికి పాతదే. మష్రూ లైలా అనే పేరున్న సంగీత బృందంలో గాయకుడు తాను గే అని దాచుకోలేదు. 2019 ఆగస్టులో జరగవలసిన వాళ్ల బిబ్లోస్ కచేరీని చర్చి వర్గాల ఒత్తిడి, బెదిరింపుల మధ్య రద్దు చేశారు. 2022 జూన్‌లో హోం మంత్రి ఎల్జీబీటీ సమావేశాలను నిషేధించారు. హెలెమ్, లీగల్ ఎజెండా కోర్టుకెక్కాయి. ప్రభుత్వ ఉత్తర్వులను సమీక్షించే అత్యున్నత పాలనా న్యాయస్థానం నవంబరులో నిషేధాన్ని నిలిపేసింది. మంత్రి మరో ఉత్తర్వు ఇచ్చారు. 2023 జూలైలో హిజ్బుల్లా నాయకుడు హసన్ నస్రల్లా ప్రసంగాల్లో మరణశిక్ష మాట తెచ్చారు. ఆగస్టులో ‘దేవుని సైనికులు’ అనే క్రైస్తవ ముఠా మార్ మిఖాయేల్‌లో ఒక బార్ మీద దాడి చేసింది. సెప్టెంబరులో స్వేచ్ఛల ఊరేగింపు మీద స్కూటర్లపై వచ్చిన మనుషులు విరుచుకుపడ్డారు.

ఆ ఆగస్టులోనే దీమాన్‌లోని మారోనైట్ మతగురువు వేసవి నివాసంలో ప్రధాని, మంత్రులు కలుసుకున్నారు. కుటుంబ విలువలకు ముప్పు వచ్చిందని, స్వలింగ భావాలను ఎదుర్కోవాలని ఒక్కమాటగా ప్రకటించారు. అప్పటికి లెబనాన్‌లో అధ్యక్షుడే లేడు. 2022 అక్టోబరు చివర నుంచి 2025 జనవరి దాకా ఈ పెద్దలు ఒక అధ్యక్షుణ్ని ఎన్నుకోలేకపోయారు. పేలుడు మీద విచారణ విషయంలో ఒక మాటకు రాలేదు. జనం బ్యాంకు డబ్బు విషయంలో రాలేదు. సున్నీ మంత్రి, షియా నాయకుడు, క్రైస్తవ మతగురువు, వీధి ముఠా, అందరూ ఒకే మాట మీద నిలబడింది ఈ ఒక్క విషయంలోనే. మతశాఖల మధ్య గోడలు ఎంత ఎత్తున ఉన్నా, ఇంటి మీద పెత్తనానికి ముప్పొస్తే వాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. 534 రద్దు కోరుతూ ఆ జూలైలో తొమ్మిది మంది ఎంపీలు సంతకాలు చేశారని కూడా చెప్పాలి. 128 మందిలో తొమ్మిది.

పుస్తకాలు చెప్పిన మాట

ఈ ప్రశ్న మీద ఇటీవలి పరిశోధనలో మూడు పుస్తకాలు ముఖ్యమనిపిస్తాయి. జాన్ నేగల్, తమిరేస్ ఫఖూరీ 2021లో తెచ్చిన ‘రెసిస్టింగ్ సెక్టేరియనిజం’ యుద్ధానంతర లెబనాన్ క్వీర్ ఉద్యమం గురించి. అధికారాన్ని శాఖలకు పంచితే, శాఖ కాని మనిషి రాజ్యానికి కనబడకుండా పోతాడన్నది దాని సారం. మాయా మిక్దాషీ ‘సెక్స్టేరియనిజం’ 2022లో వచ్చింది. స్త్రీపురుష భేదం, మతశాఖ భేదం రెండు వేర్వేరు వ్యవస్థలు కావని, రాజ్యం ఆ రెండింటినీ ఒకే రిజిస్టరులో ముడేసి నడుపుతుందని ఆమె దస్త్రాలు తిరగేసి చూపుతారు. గసాన్ మూసావీ 2020 పుస్తకం ‘డిస్రప్టివ్ సిచ్యుయేషన్స్’ ఇంకో భ్రమను తొలగిస్తుంది. బీరూట్‌ను అరబ్ ప్రపంచంలో గే స్వర్గమని పర్యాటక పత్రికలు రాశాయి. ఆ స్వర్గం డబ్బున్నవాడికే అని, చెక్‌పోస్టు దగ్గర పేదవాడికి, ట్రాన్స్ మనిషికి, సిరియా శరణార్థికి ఎదురయ్యేది వేరని ఆయన చూపుతారు.

మూడింటినీ కలిపి చదివితే, ఈ ఉద్యమాలు తమను పంతొమ్మిదో శాఖగా గుర్తించమని ఎందుకు అడగలేదో అర్థమవుతుంది. ఆ వ్యవస్థలో ఒక వాటా అడగడం తేలిక. వాటాల పద్ధతే వద్దనడం కష్టం. వాళ్లు కష్టమైనదే ఎంచుకున్నారు.

ఈ చిక్కు లెబనాన్‌ది మాత్రమే కాదు. ఉత్తర ఐర్లండ్‌లో 1998 శాంతి ఒప్పందం ఏ వర్గమూ మరో వర్గాన్ని అణచకుండా ఒక వీటో పెట్టింది. 2015 నవంబరులో స్వలింగ వివాహానికి అసెంబ్లీలో 53–52 మెజారిటీ వస్తే, ఆ వీటోతోనే అడ్డుకున్నారు. చివరికి 2020లో అది లండన్ పార్లమెంటు చట్టంతో వచ్చింది. బోస్నియాలో 2008 నాటి క్వీర్ ఉత్సవంపై దాడి జరిగింది. సరయేవోలో తొలి ప్రైడ్ ఊరేగింపు 2019 సెప్టెంబరులో గానీ సాధ్యం కాలేదు. వర్గాలను కాపాడటానికి కట్టిన గోడలు, ఆ వర్గాల లోపలి మనుషులకే జైలుగోడలవుతాయి. ఉత్తర ఐర్లండ్‌కు పైన లండన్ ఉంది. లెబనాన్‌కు అలాంటి పై అధికారం లేదు. ఏది సాధించినా లోపలే సాధించాలి.

మన గుమ్మం

ఇదంతా దూరపు కథ అనుకోవడానికి లేదు. లెబనాన్ స్త్రీవాదులు తమ ఉద్యమానికే వేసుకున్న గడ్డు ప్రశ్న ఒకటుంది: ఇంట్లో పనిచేసే ఇథియోపియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ స్త్రీల మాటేమిటి? వాళ్లకు కార్మిక చట్టం వర్తించదు. వాళ్ల వీసా యజమాని చేతిలో ఉంటుంది. దాని పేరు కఫాలా. కఫీల్, అంటే ఆ యజమాని, అన్న మాట రాయచోటిలో, కడపలో, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు తెలుసు. కువైట్‌లో, ఒమన్‌లో పనిచేసే మన ఆడవాళ్ల పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకునేది ఆ కఫీలే. 2015లో బీరూట్‌లో ఇంటిపని స్త్రీలు సంఘం పెట్టుకుంటే కార్మిక శాఖ గుర్తించలేదు. 2020లో డబ్బుల్లేని యజమానులు ఇథియోపియా స్త్రీలను తీసుకొచ్చి ఆ దేశ కాన్సులేట్ ముందు రోడ్డు మీద వదిలి వెళ్లారు. ఇంటి యజమానురాలి స్వేచ్ఛ పనిమనిషి బందీతనం మీద నిలబడితే అది స్త్రీవాదం ఎలా అవుతుందని ఆ స్త్రీవాదులు అడిగారు. మనమూ జవాబు చెప్పవలసిన ప్రశ్నే.

మనుషులను రిజిస్టరులో కట్టిపడేయడం కూడా మనకు కొత్త కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యం 1919లో హిజ్రాల మీద ఒక చట్టం చేసింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించింది, అనుమానంతోనే అరెస్టుకు వీలిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. నస్రల్లా ప్రసంగాలు వచ్చిన నెల, 534 రద్దు బిల్లు వచ్చిన నెల కూడా అదే. ఒక చోట రిజిస్టరు చిరిగింది, మరో చోట బిగిసింది. రెండు చోట్లా పని చేసింది ఏళ్ల తరబడి తిరిగిన మామూలు మనుషులే.

2024 శరత్కాలంలో మరో యుద్ధం లెబనాన్‌ను తాకింది. వేలమంది చనిపోయారు, లక్షలమంది ఊళ్లు విడిచారు. యుద్ధం వచ్చిన ప్రతిసారీ ‘ముందు దేశం, తర్వాత మీ హక్కులు’ అని పెద్దలు చెబుతారు. 1975లో చెప్పారు, 2006లో చెప్పారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. వదాద్ హల్వానీకి 36 ఏళ్లు పట్టింది. ఆమె భర్త తిరిగి రాలేదు, కానీ ఎక్కడున్నాడని అడిగే హక్కు చట్టమైంది. అడగడం ఆపని మనిషి దగ్గరికి చట్టం నడిచి వస్తుంది, ఎంత ఆలస్యమైనా.

పాత సైదా రోడ్డు మీద తెల్లపూలు పట్టుకుని నడిచిన అమ్మలు సాయంత్రానికి ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లి ఉంటారు. ఆ గడప లోపల వాళ్ల పేరు ఇంకా మరొకరి పద్దు కిందే ఉంది. ఆ పద్దు ఆమె పేరున మారిన రోజున, ఆమె బిడ్డ ఎవరిని ప్రేమించినా ఆ రిజిస్టరులో చోటు దొరికిన రోజున, 1990లో ముగిసిందని చెప్పుకున్న యుద్ధం నిజంగా ముగుస్తుంది.